నాలుగు నర్సింగ్ సీట్లలో ఏది తీసుకోవాలి? ముందు వార్డు చూడండి, తర్వాత ఫీజు అడగండి

పోయిన వారం మా వీధి చివర ఉండే ఆటో డ్రైవరు తన కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి చేతిలో ప్లాస్టిక్ కవరు, దాని నిండా కాగితాలు. "సిస్టరమ్మా, నాలుగు చోట్ల సీటు వచ్చింది. ఏది మంచిదో మీరే చెప్పాలి" అన్నారాయన. ఇరవై ఏళ్లకు పైగా వార్డుల్లో పనిచేసి, ఆ తర్వాత కొన్నేళ్లు విద్యార్థినులకు క్లినికల్స్, అంటే వార్డులో రోగుల దగ్గర చేయించే పాఠాలు, చెప్పినదాన్ని కాబట్టి, జూలై దాటిందంటే ఈ ప్రశ్న నా గుమ్మంలోకి వస్తూనే ఉంటుంది. ఈసారి వాళ్లకు చెప్పినదంతా ఒకచోట రాసి పెడుతున్నాను. హైదరాబాదులో ఇంకా ఎన్నో ఇళ్లలో ఇదే కవరు, ఇవే కాగితాలు ఉంటాయి.

ఆ నాలుగు సీట్లు ఇవి. మొదటిది కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగులో ఇచ్చే సీట్లలో, బీఎస్సీ నర్సింగ్, నగర శివారులోని ఒక ప్రైవేటు కళాశాలలో. రెండోది మేనేజ్‌మెంట్ కోటాలో, అంటే ఎక్కువ ఫీజు కట్టి చేరే సీట్లలో, బీఎస్సీ నర్సింగే, నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద కార్పొరేటు ఆసుపత్రి నడిపే కళాశాలలో. మూడోది జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా, ప్రభుత్వ ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న నర్సింగ్ స్కూలులో. నాలుగోది ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇప్పిస్తామన్న బెంగళూరు సీటు. ప్రభుత్వ కళాశాలలో గాని, నిమ్స్‌లో గాని బీఎస్సీ సీటు వచ్చి ఉంటే ఇంత ఆలోచనే అక్కర్లేదు, కళ్లు మూసుకుని చేరమనేదాన్ని. ర్యాంకు అంత దూరం వెళ్లలేదు.

తండ్రి అన్నీ మొదటి ఏడాది ఫీజుతోనే పోల్చుకుంటూ వచ్చారు. కూతురు కళాశాల భవనాల ఫొటోలు చూపించింది. ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ అమ్మాయి రోజూ ఏ ఆసుపత్రిలో, ఎంతమంది రోగుల దగ్గర నిలబడి పని నేర్చుకుంటుంది?

ఈ ప్రశ్నను నేనెందుకు ఇంతగా పట్టుకుంటానో చెప్పాలి. నేను చదివిన కళాశాలకు సొంత ఆసుపత్రి ఉండేది, బోర్డు మీద మంచాల సంఖ్య కూడా ఘనంగా ఉండేది. మంచాల మీద మాత్రం మనుషులు ఉండేవారు కాదు. తనిఖీ ఉన్న రోజుల్లోనే వార్డు నిండేది. నాలుగేళ్లూ బొమ్మ చేతికే సూదులు గుచ్చాను. ఉద్యోగంలో చేరిన మొదటి రాత్రి, విరేచనాలతో ఒళ్లంతా ఎండిపోయిన ఒక పెద్దావిడకు ఐవీ పెట్టాల్సి వచ్చింది. నరం దొరకలేదు. మూడుసార్లు గుచ్చాను. నాలుగోసారి పక్క వార్డు నుంచి ఒక సీనియర్ సిస్టర్ వచ్చి పెట్టింది. ఆ పెద్దావిడ ఒక్క మాట కూడా అనలేదు, నొప్పికి కళ్లు మూసుకుంది, అంతే. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను బొమ్మ మీద నేర్చుకున్నందుకు ఆ తల్లి మూడు పోట్లు భరించింది.

అందుకే నా పోలిక వార్డుతో మొదలవుతుంది.

మంచాలు కాదు, మనుషులను లెక్కపెట్టండి

నర్సింగ్ కళాశాలకు కనీసం వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలని భారతీయ నర్సింగ్ మండలి నియమం. పోస్టింగ్‌లో, అంటే వార్డులో పని నేర్చుకునే వంతులో, ఒక్కో విద్యార్థినికి ముగ్గురు రోగులుండాలి, పదిమంది విద్యార్థినులకు ఒక టీచరుండాలి. ఈ నియమాలను ఊరికే చదివి వదిలేయకండి, మీరు చూడబోయే కళాశాలకు అన్వయించి చూడండి. వంద పడకలున్నాయి, అందులో సగం ఖాళీ అనుకుందాం. ఉన్న యాభై మంది రోగులు పదహారు మంది విద్యార్థినులకు సరిపోతారు. అదే కళాశాలలో ఏడాదికి అరవై మందిని చేర్చుకుంటే, ఒక్క బ్యాచ్ వార్డుకు వచ్చినా నూట ఎనభై మంది రోగులు కావాలి. మిగతా వాళ్లంతా గోడవారన నిలబడి రికార్డులు రాసుకుంటారు.

సొంత ఆసుపత్రి చాలనప్పుడు కళాశాలలు తమ విద్యార్థినులను బయటి ఆసుపత్రులకు పంపుతాయి. ఇది తప్పేమీ కాదు. మానసిక ఆరోగ్యం పోస్టింగుకు ఎర్రగడ్డకు, పిల్లల వార్డుకు నిలోఫర్‌కు, ప్రసవాల కోసం కోఠి లేదా పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రికి వెళ్లే అవకాశం దొరికితే అది భాగ్యమే. అయితే ఏ ఆసుపత్రికి పంపుతారు, ఎన్ని వారాలు, వెంట టీచరు వస్తారా, పోనూ రానూ బస్సు ఎవరిది అన్నది అడిగి తెలుసుకోవాలి. కళాశాల శివారులో, పోస్టింగ్ అఫ్జల్‌గంజ్‌లో ఉంటే ఉదయం డ్యూటీకి పిల్ల తెల్లవారుజామునే లేవాలి. ట్రాఫిక్‌లో రోజుకు మూడు గంటలు పోతే చదువుకునే సమయం ఎక్కడిది?

చూడటానికి వెళ్లేటప్పుడు ఆదివారం వెళ్లకండి. మామూలు పనిరోజున, ఉదయం పది గంటలకు, ముందుగా చెప్పకుండా వెళ్లండి. ఆసుపత్రిలోకి ఎవరైనా వెళ్లవచ్చు కదా! మెడికల్ వార్డు, సర్జికల్ వార్డు గుమ్మం దాకా వెళ్లి చూడండి. మంచాల మీద రోగులున్నారా? యూనిఫాంలో ఉన్న పిల్లలు ఏం చేస్తున్నారు? బీపీ చూస్తున్నారా, డ్రెస్సింగ్ ట్రేతో తిరుగుతున్నారా, లేక నర్సింగ్ స్టేషన్ దగ్గర గుంపుగా కూర్చున్నారా? పక్కన టీచరు ఉన్నారా? అరగంటలో మీకే తెలిసిపోతుంది. తర్వాత గేటు బయట, బస్సు స్టాపు దగ్గర, మూడో సంవత్సరం అమ్మాయిలు కనిపిస్తే పలకరించండి. "ఇప్పటిదాకా నువ్వు స్వయంగా ఎన్ని ప్రసవాలు చేశావమ్మా?" అని అడగండి. కళాశాల బాగుంటే ఆ పిల్ల టక్కున అంకె చెబుతుంది, చేసిన కేసులన్నీ రాసుకునే తన కేస్ బుక్ గురించి ఉత్సాహంగా మాట్లాడుతుంది. కళ్లు దించుకుని నవ్విందంటే కేస్ బుక్ ఎలా నిండుతోందో అర్థం చేసుకోవచ్చు.

కార్పొరేటు ఆసుపత్రి కళాశాలల గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. అక్కడ వెంటిలేటర్లు, మానిటర్లు, కొత్త పద్ధతులు కళ్లారా చూస్తారు. రికార్డులు శుభ్రంగా రాయడం, ఇన్ఫెక్షన్ రాకుండా జాగ్రత్తలు, డ్యూటీ అప్పగింత క్రమంగా చేయడం అలవాటవుతాయి. ఇవి చిన్న విషయాలు కావు. కానీ డబ్బు కట్టి చేరిన రోగి, తన చేతికి సూది గుచ్చేది విద్యార్థిని అంటే చాలాసార్లు ఒప్పుకోరు. కాబట్టి ఎక్కువగా చూసి నేర్చుకోవడమే అవుతుంది. గాంధీ, ఉస్మానియా లాంటి చోట్ల దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఒక చేతికి నలుగురు రోగులు ఎదురు చూస్తుంటారు, సామాను సరిపోదు, గోల ఎక్కువ. అక్కడ ఆరు నెలలు పనిచేసిన పిల్ల చేతికి మాత్రం భయం ఉండదు. తెలుగులో, ఉర్దూలో, హిందీలో రోగిని ఊరడించడం కూడా వచ్చేస్తుంది. రెండిట్లో ఒకటే దొరుకుతుందంటే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. యంత్రాన్ని ఉద్యోగంలో చేరాక నెలలో నేర్పించుకోవచ్చు. చేతికి నైపుణ్యం రావాలంటే మనుషులు కావాలి.

ఇక డబ్బు: నాలుగేళ్ల లెక్క ఒకేసారి వేయండి

ఆ రాత్రి మా వంటింటి బల్ల మీద ఒక నోటుపుస్తకం తెరిచి ఆ అమ్మాయి చేతే రాయించాను. మేనేజ్‌మెంట్ సీటు కాగితం మీద ట్యూషన్ ఏడాదికి 1,20,000 రూపాయలు. "సర్లే, లక్షా ఇరవై వేలు ఎలాగో తెస్తాను" అన్నారు తండ్రి. హాస్టల్ తప్పనిసరి అని అదే కాగితం వెనక వైపు ఉంది, అది 80,000. యూనిఫాం, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, ల్యాబ్, ఇతరాలు కలిపి మరో 20,000 అనుకున్నాం. ఏడాదికి 2,20,000, నాలుగేళ్లకు 8,80,000. ఆయన చేతిలోని టీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

కన్వీనర్ సీటు లెక్క వేరు. వాళ్లది బీసీ కుటుంబం, నగరంలో ఉంటున్నారు, వార్షికాదాయం రెండు లక్షల లోపే. అంటే ట్యూషన్ ఫీజు ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్ కింద కట్టాలి. వాళ్లకు మిగిలేవి హాస్టల్, ఇతర ఖర్చులు. ఆ కళాశాల హాస్టల్ 60,000, ఇతరాలకు 15,000 వేసుకున్నాం. నాలుగేళ్లకు మూడు లక్షలు. రెండు బీఎస్సీ సీట్ల మధ్య తేడా 5,80,000 రూపాయలు!

రీయింబర్స్‌మెంట్ విషయంలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి. ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు లక్షలు. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన) కుటుంబాలకు నగరంలో రెండు లక్షలు, పల్లెల్లో లక్షన్నర. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఇది వర్తిస్తుంది, మేనేజ్‌మెంట్ సీటుకు వర్తించదు. "చేరండి, స్కాలర్‌షిప్ మేమే చూసుకుంటాం" అని మేనేజ్‌మెంట్ సీటుకు ఎవరైనా చెబితే ఆ మాటను కాగితం మీద రాసి సంతకం చేయమనండి, చేయరు. స్కాలర్‌షిప్ వెబ్‌సైటు ఈపాస్‌లో మొదటి ఏడాది కొత్తగా, ఆ తర్వాత ఏటా రెన్యువల్‌గా దరఖాస్తు చేసుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం మీసేవ నుంచి ముందే తెచ్చి పెట్టుకోవాలి. హాజరు 75 శాతానికి తగ్గకూడదు. నర్సింగ్‌లో పరీక్షకు కూర్చోవాలంటేనే 80 శాతం హాజరు కావాలి, డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్స్ గంటలు నూటికి నూరు పూర్తి చేయాలి. కాబట్టి రోజూ వార్డుకు వెళ్లే పిల్లకు ఆ 75 ఒక సమస్య కాదు.

అసలు సమస్య బకాయిలు. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యంగా వస్తుంది. వచ్చేదాకా ఫీజు మీరే కట్టమని కొన్ని కళాశాలలు విద్యార్థుల మీద పడతాయి, చదువు పూర్తయ్యాక సర్టిఫికెట్లు ఇవ్వకుండా తిప్పుతాయి. ఉద్యోగం చేతికొచ్చినా నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోలేక ఏడ్చిన అమ్మాయిలను నేను చూశాను. అందుకే చేరేముందే ఆఫీసులో అడగండి: రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే మీ పద్ధతి ఏమిటి? పోయినేడు పాసైన బ్యాచ్‌కు సర్టిఫికెట్లు ఇచ్చేశారా? ఆ బ్యాచ్‌లో ఒకరిద్దరిని కనుక్కుని నిజం తెలుసుకోండి. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ సంగతి మీకు తెలుసని మర్యాదగా చెప్పి, ఇచ్చే ప్రతి కాగితానికి రశీదు తీసుకోండి.

అప్పు చేసైనా మేనేజ్‌మెంట్ సీటే తీసుకుందామనుకునే తల్లిదండ్రుల కోసం ఇంకో లెక్క. బ్యాంకుల విద్యా రుణ పథకంలో ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు, చదువు పూర్తయ్యాక ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. కానీ వడ్డీ మొదటి రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. ఐదు లక్షలు నాలుగు భాగాలుగా, ఏడాదికి 1,25,000 చొప్పున, పది శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. మధ్యలో ఏమీ కట్టకపోతే ఐదో ఏడాది చివరికి బారువడ్డీయే 1,75,000 అవుతుంది. అప్పుడు చేతిలో ఉండే బాకీ 6,75,000. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 11,200 కట్టాలి. చదువుతున్నప్పుడే ఎప్పటి వడ్డీ అప్పుడు కట్టేస్తే ఆ వాయిదా 8,300 దగ్గర ఆగుతుంది. కొత్త నర్సుకు ప్రైవేటు ఆసుపత్రులు ఇచ్చే మొదటి జీతం ఎంతో మీ ఎరుకలో ఉన్న నలుగురు సిస్టర్లను అడిగి, అందులోంచి గది అద్దె, భోజనం తీసేసి, మిగిలినదాని పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

బాండు సంగతి కూడా మరిచిపోకండి. చదువయ్యాక తమ ఆసుపత్రిలోనే ఏడాదో రెండేళ్లో పనిచేయాలని కొన్ని చోట్ల ముందే సంతకం చేయించుకుంటారు. ఉద్యోగం గ్యారంటీ అన్న పేరుతో ఆ కాగితం వస్తుంది. అందులో జీతం ఎంతో రాసి ఉందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది చదవకుండా సంతకం పెట్టవద్దు.

జీఎన్ఎం అంటే చిన్నచూపు ఎందుకు?

ఆ అమ్మాయి మూడో కాగితాన్ని అన్నిటికంటే అడుగున పెట్టింది. "మా ఫ్రెండ్స్ అందరూ బీఎస్సీ, నేను జీఎన్ఎం అంటే బాగుండదు ఆంటీ" అంది. నాతో పనిచేసిన అతి గొప్ప నర్సుల్లో సగం మంది జీఎన్ఎం వాళ్లే. అందులో ఒకరే ఆ రాత్రి పక్క వార్డు నుంచి వచ్చి ఐవీ పెట్టిన సీనియర్ సిస్టర్.

జీఎన్ఎం మూడేళ్లు. ప్రభుత్వ స్కూలులో ఫీజు నామమాత్రం, నెలనెలా స్టైపెండ్ వస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా వార్డు నిండా రోగులుంటారు. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి జీఎన్ఎం, బీఎస్సీ ఇద్దరూ అర్హులే. తేడా ఎక్కడ వస్తుందంటే, కేంద్ర ప్రభుత్వ ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్‌సెట్‌కు బీఎస్సీ వాళ్లు చదువయ్యాక నేరుగా కూర్చోవచ్చు, జీఎన్ఎం వాళ్లకు యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఎమ్మెస్సీ చేసి టీచరు కావాలన్నా ముందు బీఎస్సీ ఉండాలి. జీఎన్ఎం తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి ఆ మెట్టు ఎక్కవచ్చు, అంటే మొత్తం ఐదేళ్లు. ఇంట్లో సంపాదన వెంటనే కావాల్సిన పిల్లకు, మూడేళ్లలో ఉద్యోగంలో చేరి తర్వాత చదువుకునే ఈ దారి నిజంగా మంచిది. విదేశాలకు వెళ్లాలన్న ఆలోచన గట్టిగా ఉంటే మాత్రం బీఎస్సీతో దారి సులువు. జర్మనీకి, జపాన్‌కు నర్సులను పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాదులోనే ఉంది, భాష కూడా నేర్పిస్తుంది. ఏ ఏజెంటుకైనా డబ్బు కట్టేముందు అక్కడ కనుక్కోండి.

బెంగళూరు కాగితం గురించి ఎక్కువ చెప్పను. అక్కడ మంచి కళాశాలలు లేవని కాదు. కానీ ఆ కవరులోని కాగితం మీద కళాశాల ఆసుపత్రి పేరు లేదు, మొదటి ఏడాది ఫీజు తప్ప మిగతా మూడేళ్ల ఫీజు లేదు, కన్సల్టెన్సీ ఫోను నంబరు మాత్రం రెండు చోట్ల ఉంది. కన్నడం మాట్లాడే రోగులతో మొదటి రోజు నుంచి ఎలా మాట్లాడుతుందన్నది వేరే చిక్కు. చదువయ్యాక అక్కడి కౌన్సిల్‌లో నమోదై, మళ్లీ ఇక్కడి కౌన్సిల్‌కు మార్చుకోవాలి. ఆ కాగితాన్ని పక్కన పెట్టించాను.

గుర్తింపు చూసుకోవడానికి పది నిమిషాలు చాలు, కాబట్టి అది మానకండి. బీఎస్సీ కళాశాల అయితే వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం జాబితాలో ఈ విద్యాసంవత్సరానికి ఉందా, భారతీయ నర్సింగ్ మండలి జాబితాలో ఉందా, ఎన్ని సీట్లకు అనుమతి ఉంది? పోయినేటి జాబితా చూసి తృప్తి పడవద్దు.

చివరికి ఏమైంది

మంగళవారం ఉదయం ముగ్గురం ఆయన ఆటోలోనే శివారు కళాశాలకు వెళ్లాం. భవనం సాదాగా ఉంది. మెడికల్ వార్డులో ముప్పై మంచాలకు పంతొమ్మిది మంది రోగులు కనిపించారు. ప్రసూతి వార్డు దాదాపు నిండి ఉంది, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కాన్పుకు అక్కడికే వస్తారట. ఒక టీచరు ఇద్దరు పిల్లలను పక్కన నిలబెట్టుకుని గర్భిణి పొట్ట మీద చేతులు ఎక్కడ ఆనించాలో చూపిస్తున్నారు. ఆ దృశ్యం చూశాక నా మనసు చాలావరకు కుదుటపడింది. బస్సు స్టాపులో దొరికిన మూడో సంవత్సరం అమ్మాయి తన కేస్ బుక్ బ్యాగులోంచి తీసి చూపించింది. పిల్లల వార్డు పోస్టింగ్ మాత్రం బలహీనం అని తనే చెప్పింది. సర్టిఫికెట్ల గురించి అడిగితే, తన అక్కకు పాసైన మూడు నెలలకు ఇచ్చారని అంది.

ఆఫీసులో నాలుగేళ్ల ఫీజు వివరం లెటర్‌హెడ్ మీద రాసివ్వమని తండ్రి పట్టుబట్టారు. మొదట విసుక్కున్నారు, తర్వాత ఇచ్చారు. అందులో మేము ఊహించని క్లినికల్ ఫీజు ఒకటి బయటపడింది, ఏడాదికి 6,000. మా మూడు లక్షల లెక్క 3,24,000 అయింది. అడగకపోతే సెప్టెంబరులో తెలిసేది.

ఆ అమ్మాయి కన్వీనర్ సీటు తీసుకుంది. ఆ వార్డులు ఖాళీగా కనిపించి ఉంటే మూడో కాగితాన్ని పైకి తెచ్చి, జీఎన్ఎంలో చేర్పించమని ఆ తండ్రికి గట్టిగా చెప్పి ఉండేదాన్ని. ఆయన కూడా ఆ మాటకు సిద్ధపడే వచ్చారు. పిల్లల వార్డు కొరత కోసం, సెలవుల్లో ఎక్కడైనా పిల్లల ఆసుపత్రిలో అనుమతి తీసుకుని వెళ్లే వీలుందేమో రెండో ఏడాదిలో చూద్దామని అనుకున్నాం.

వచ్చే సోమవారం రిపోర్టింగ్. అలాట్‌మెంట్ ఆర్డరు, పది, ఇంటర్ మెమోలు, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, అన్నిటికీ మూడేసి జిరాక్సులు తీయించి పెట్టుకున్నారు. ఇంకేం కొనాలి ఆంటీ అని అడిగితే, సెకన్ల ముల్లు స్పష్టంగా కనిపించే చేతి గడియారం ఒకటి కొనుక్కోమన్నాను. నాడి చూసేటప్పుడు ఒక చెయ్యి రోగి మణికట్టు మీద ఉంటుంది, ఫోను తీసే వీలుండదు.